ఆ వెండి ఎవరిది? – యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మద్రాసు ప్రెసిడెన్సీ నాణేల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "ప్రభుత్వం రూపాయలు ముద్రించి పంచింది" అని పదేపదే రాశావు. ఆ లోహం ఎవరి డబ్బుతో కొన్నదో ముందు తేల్చుకో. అది తేలకపోతే వ్యాసంలో ఏ లెక్కా నిలవదు.

1835 చట్టం ప్రకారం రూపాయి బరువు 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు), అందులో మేలిమి వెండి 165. 1893 దాకా వర్తకుడు ఎవరైనా వెండి తెచ్చి ఇస్తే టంకశాల రూపాయలు కొట్టి ఇచ్చేది. 1870 చట్టంలో ముద్రణ సుంకం నూటికి రెండు, కరిగించినందుకు వెయ్యికి ఒకటి. అంటే ఈ వెండికి పెట్టుబడి చాలావరకు వర్తకుడిదే, సర్కారుది కాదు. మద్రాసు టంకశాల 1869లో మూతపడింది కనుక ఆ తరవాత మన జిల్లాలకు చేరిన కొత్త రూపాయి బొంబాయిదో కలకత్తాదో అయివుంటుంది.

రాగి కథ వేరు. దాని ఖర్చు సర్కారుదే, లాభమూ సర్కారుదే. ఉత్తర సర్కారుల (నేటి కోస్తాంధ్ర ప్రాంతం) కోసం 1794లో వేయించిన రాగి నాణెం చేతికి దొరికితే చూడు, రూపాయికి 48 అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ టంకశాలలో తయారైంది అది. రాగి ధర, ముద్రణ కూలి, సముద్రం మీద రవాణా, అన్నీ లెక్కలోకి రావాలి. నష్టం కూడా! 1809 జనవరిలో అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుకదిబ్బల మీద పడి మునిగింది. మద్రాసుకు రావలసిన పది కాసుల, ఇరవై కాసుల నాణేలు పీపాలకు పీపాలు సముద్రం పాలయ్యాయి. నీ పట్టికలో రవాణా నష్టానికి గడే లేదు. చేర్చు.

పంపిణీని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు తంటా అక్కడే. 1835 నాటి కాలణా 100 గ్రెయిన్లు, రూపాయికి 64. వెయ్యి రూపాయల కాలణాలు తూస్తే దాదాపు 415 కిలోలు. అదే వెయ్యి వెండి రూపాయలైతే 12 కిలోలు కూడా ఉండవు. విలువ ఒకటే, మోత 35 రెట్లు! జిల్లా ఖజానా నుంచి తాలూకా కచ్చేరీకి బండి కట్టాలి, కాపలా పెట్టాలి. అందుకే ఒకచోట చిల్లరకు కటకట, ఇంకోచోట రాగి గుట్టలు. పైగా నాటి చట్టప్రకారం రాగి నాణెం రూపాయి లోపు చిల్లరకే చెల్లేది. సంతలో రాగి పుచ్చుకున్న రైతు శిస్తుకు వెండి కావాలంటే నాణేలు మార్చే షరాబు దగ్గరికే వెళ్లాలి, అతను వట్టం (మార్చినందుకు తరుగు) కోసుకుంటాడు. ఆ వట్టం ఏ సర్కారు జమాఖర్చులోనూ కనబడదు, కానీ పంపిణీ ఖర్చులో అదీ భాగమే. దాన్ని రైతు భరించాడని తప్పకుండా రాయి.

ముద్రించిన సంఖ్యే చెలామణి సంఖ్య అనుకోకు. పాతవి కరిగించి మళ్లీ కొట్టినవీ అందులో ఉంటాయి. నగలుగా మారినవి, పాతరలో పడినవి చెలామణిలో ఉండవు.

1893 జూన్ 26న వర్తకుల వెండికి రూపాయలు కొట్టివ్వడం ఆగింది, వెండి ముద్రణ పూర్తిగా సర్కారు చేతిలోకి వచ్చింది. అక్కడి నుంచి రూపాయిలోని వెండి ధరకీ, రూపాయికి సర్కారు కట్టిన పదహారు పెన్సుల (ఇంగ్లండు చిల్లర) మారకవిలువకీ తేడా సర్కారు లాభం. ఔన్సు వెండి 43 పెన్సులు దాటితే లాభం తలకిందులై, రూపాయిని కరిగించుకున్నవాడికే గిట్టుబాటు. 1917లో అదే జరిగింది. మరుసటి ఏడు అమెరికా పిట్‌మన్ చట్టం కింద 20 కోట్ల ఔన్సుల వెండి తెప్పించుకోవలసి వచ్చింది. నీ రెండో భాగం 1893 నుంచి మొదలుపెట్టు, 1900 నుంచి కాదు.