యాభై కోట్ల నోటీసు వస్తే

ప్రశ్న: పెయిడ్ న్యూస్‌కు వ్యతిరేకంగా పనిచేసే చిన్న బృందం మాది. అభ్యర్థుల ప్రకటనల్ని వార్తలుగా వేశారంటూ ఒక మీడియా కంపెనీ మీద నివేదిక ఇచ్చాం. ఏడు రోజుల్లో క్షమాపణ చెప్పి దాన్ని తీసెయ్యాలని, లేదంటే 50 కోట్లకు పరువు నష్టం దావా వేస్తామని లాయర్ నోటీసు పంపారు. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ అంకె సంగతి. నోటీసులో ఎన్ని సున్నాలు పెట్టినా పైసా ఖర్చు లేదు. దావా దాకా వస్తే మాత్రం అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. రేటు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల గరిష్ఠ పరిమితీ ఉంది. అందుకే నోటీసులో ఉన్న కోట్లు దావాలో కరిగిపోవడం మామూలే. ఏడు రోజుల గడువు కూడా వాళ్లు పెట్టిందే, చట్టం పెట్టింది కాదు. చట్టం గడువు పెట్టింది వాళ్లకు: ప్రచురించిన ఏడాదిలోగా సివిల్ దావా వెయ్యాలి. మీరు ఈ కోపంలో కొత్త ఆరోపణలతో మళ్లీ ఏదో ప్రచురిస్తే వాళ్లకు కొత్త ఏడాది ఇచ్చినట్టే.

నాలుగు పేజీల ఆవేశపు జవాబు రాయకండి. అందులో ‘పూర్తిగా నిర్ధారించుకోలేకపోయినా’ అనే ముక్క ఒక్కటి దొర్లితే చాలు, రేపు కోర్టులో అదే చదివి వినిపిస్తారు. లాయర్ ద్వారా అరపేజీ చాలు: ఆరోపణలు ఒప్పుకోవడం లేదు, ఏ వాక్యం ఎందుకు అబద్ధమో చెప్పండి, తప్పని తేలితే సరిదిద్దుతాం. దీనికి బదులు రాకపోతే ఆ మౌనం మీకే పనికొస్తుంది.

ఆ తర్వాత నివేదికను వాక్యం వాక్యంగా విడదీసి, ప్రతిదాని పక్కనా ఆధారం రాసుకోండి. ‘ఫలానా రోజు మూడో పేజీలో వచ్చిన కథనం పోటీ పత్రికలోనూ అక్షరం పొల్లుపోకుండా వచ్చింది’ అన్నది వాస్తవం. రెండు పేపర్లూ పక్కపక్కన పెడితే రుజువైపోతుంది. ‘ఇది పాఠకుణ్ణి మోసగించడమే’ అన్నది అభిప్రాయం. దాని కింద ఉన్న వాస్తవం నిజమైతే న్యాయమైన వ్యాఖ్యగా నిలబడుతుంది. ‘డబ్బు తీసుకుని వేశారు’ దగ్గరే చాలామంది బోల్తాపడతారు. వినడానికి అభిప్రాయంలా ఉన్నా అది వాస్తవ ఆరోపణ. రశీదో, రేటు కార్డో, సాక్షో కావాలి. పేర్లు రాయడమంటే ఎంత జంకో తెలుసుగా. 2010లో ప్రెస్ కౌన్సిల్ కోసం పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్‌రెడ్డి తయారుచేసిన పెయిడ్ న్యూస్ నివేదిక పేర్లతో సహా పూర్తిగా బయటికొచ్చింది 2011లోనే.

పేపరు కత్తిరింపులు ఆధారంగా సరిపోవు. తేదీ, ఎడిషన్ కనిపించేలా పేపరు మొత్తం దాచండి. స్క్రీన్‌షాట్లయితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్ మాత్రం అమ్మేయకండి.

ప్రశ్న: మా మాట వినకుండానే ఇంజంక్షన్ (ప్రచురణ ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటే?

జవాబు: అసలు పోరు అక్కడే. ఇలాంటి దావాలు వేసేవాళ్లకు చాలామటుకు తుది తీర్పుతో పనిలేదు. నోరు కట్టేసే మధ్యంతర ఉత్తర్వు, ఆపైన ఏళ్ల తరబడి వాయిదాలు ఉంటే చాలు. కాబట్టి నోటీసు అందగానే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ సెక్షన్ కింద కేవియట్, అంటే ‘మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దు’ అనే ముందస్తు పిటిషన్, వెయ్యండి. అది 90 రోజులు చెల్లుతుంది, తర్వాత మళ్లీ వేసుకోవాలి. మీరుండే చోటే కాదు, పరువు పోయిందని వాళ్లు చెప్పుకోగల చోటా దావా వెయ్యొచ్చు. అందుకని అనుమానమున్న ప్రతి కోర్టులోనూ విడిగా వెయ్యాలి. కాపీ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఈ పోస్టు రశీదు పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఉత్తర్వు వచ్చేసిందా, రద్దయ్యేదాకా పాటించాల్సిందే. ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు. అదే వారంలో అదే కోడ్‌లోని ఆర్డర్ 39, రూల్ 4 కింద రద్దు పిటిషన్ వెయ్యండి. నోటీసు లేకుండా ఇంజంక్షన్ ఇచ్చిన కోర్టు కారణాలు రాయాలి, ఇచ్చిన 30 రోజుల్లో వాళ్ల ఇంజంక్షన్ పిటిషన్‌ను తేల్చడానికి ప్రయత్నించాలి. మీ చేతిలో గట్టి తీర్పు కూడా ఉంది. వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్ కథనం మీద జీ కంపెనీ వేసిన కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు, కింది కోర్టు ఇచ్చిన అలాంటి ఉత్తర్వునే కొట్టేసింది. పూర్తి విచారణకు ముందే కథనాన్ని ఆపడం అరుదైన సందర్భాల్లోనే జరగాలంది. రాతపూర్వక జవాబుకు సమన్లు అందాక 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. ఇంజంక్షన్ గొడవలో పడి దీన్ని మరిచిపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీ వాదన లేకుండానే ఇచ్చే తీర్పు) మీద పడుతుంది.

ప్రశ్న: క్రిమినల్ కేసు కూడా పెడతారా?

జవాబు: పెట్టొచ్చు. భారతీయ న్యాయ సంహిత 356 కింద రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా, రెండూ, లేదా సమాజ సేవ. అయితే దీనికి పోలీసుల ఎఫ్‌ఐఆర్ ఉండదు, మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చెయ్యాలి. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 223 ప్రకారం కేసు స్వీకరించే ముందే మీ మాట వినాలి. ఆ వాయిదా వదులుకోకండి. సివిల్‌లో నిజమైతే చాలు, క్రిమినల్‌లో అది ప్రజాహితం కోసమనీ చూపాలి. బెయిలబుల్ నేరమే.

ప్రశ్న: గెలిస్తే మా ఖర్చులు ఇప్పిస్తారా?

జవాబు: కాలిఫోర్నియాలో 1992 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఇలాంటి దావాను మొదట్లోనే కొట్టేయమని 60 రోజుల్లో అడగొచ్చు, గెలిస్తే లాయర్ ఫీజు కంపెనీయే కట్టాలి. యూరోపియన్ యూనియన్ కూడా ఇలాంటి దావాల మీద 2024లో ఆదేశం తెచ్చింది. మన దగ్గర ఇంకా అలాంటి ప్రత్యేక చట్టం లేదు. వేధింపు దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఎ సెక్షన్ ఇప్పించే పరిహారం గరిష్ఠంగా 3,000 రూపాయలు! 35వ సెక్షన్ కింద అసలు ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకుంది గనుక లాయర్ ఫీజు, ప్రయాణం బిల్లులతో మెమో దాఖలు చెయ్యండి.