తిప్పతీగ రోజూ తాగొచ్చా అని అడిగావుగా

తల్లీ, జ్యూస్ సీసా ఫోటో పెట్టి "రోజూ పరగడుపున తాగొచ్చా పెద్దమ్మా" అన్నావు. రోజూ వద్దు. తిప్పతీగంటే నాకేం పడక కాదు, మా ప్రహరీ మీద ఎప్పుడూ పాకుతూనే ఉంటుంది, జ్వరం తగ్గాక నోరు చప్పబడి ఒళ్లు నీరసంగా ఉంటే మా ఇంట్లో ఆ కషాయమే కాస్తాం. కానీ అది మందు, అవసరమైనప్పుడు నాలుగు రోజులు తాగి ఆపేయాలి.

కరోనా టైములో ఇమ్యూనిటీ అంటూ జనం దీన్ని నెలల తరబడి తాగారు. 2021లో ముంబై డాక్టర్లు ఇది వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని రాశారు. తర్వాత దేశంలో వేరే ఊళ్ల ఆసుపత్రుల నుంచీ అలాంటి కేసులే బయటికొచ్చాయి. ఆయుష్ శాఖ మాత్రం అది తిప్పతీగ తప్పు కాదు, దాన్ని పోలిన ఇంకో తీగ వాడి ఉంటారు అంది. ఎవరి మాట నిజమైనా సీసాలో ఏ తీగ రసం పోశారో నీకు తెలీదు కదా, అందుకే నాకా సీసాలంటే అనుమానం.

తీగని గుర్తుపట్టడం కష్టమేం కాదులే. ఆకు తమలపాకులా ఉంటుంది, నూగు ఉండదు. కాండం మీది పల్చటి తోలు గోటితో గీకితే లోపల ఆకుపచ్చగా కనిపిస్తుంది, అడ్డంగా కోస్తే బండి చక్రంలా గీతలుంటాయి. కాండం నిండా బుడిపెలుంటే ముట్టుకోకు, ఆ పోలిన తీగ అదే. మందుకి వాడేది కాండమే, ఈ మధ్య వీడియోల్లో చూపిస్తున్నట్టు ఆకులు నమలడం కాదు. పొడి అయితే రోజుకి 3 నుంచి 6 గ్రాములని ఆయుర్వేద ఫార్మకోపియాలో, అంటే మందుల ప్రమాణాలు రాసిన ప్రభుత్వ పుస్తకంలో, ఉంది, చెంచాలు చెంచాలు వేసుకోకు.

ఇంకోటి, మీ మామగారు షుగర్ మాత్రలు వేసుకుంటున్నారు కదా, ఇది కూడా షుగర్ తగ్గిస్తుంది, రెండూ కలిస్తే మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఆయన డాక్టర్ని అడక్కుండా ఇవ్వకు. కీళ్లవాతం, లూపస్, హషిమోటో థైరాయిడ్ లాంటి, ఒంట్లో రోగనిరోధక శక్తే సొంత ఒంటిని దెబ్బతీసే జబ్బులున్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడేవాళ్లు దీని జోలికే పోకూడదు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు కూడా వద్దు. ఆపరేషన్ ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి, "ఆకు మందే కదా" అని చాలామంది దాచేస్తారు.

డెంగ్యూ అనుమానం వస్తే కషాయం కాస్తూ కూర్చోకుండా రక్త పరీక్షకి వెళ్లండి. తాగుతున్న రోజుల్లో ఆకలి చచ్చిపోయినా, వికారంగా ఉన్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ పూటే ఆపేసి లివర్ పరీక్ష చేయించు. డాక్టర్ దగ్గరికి ఆ సీసా కూడా పట్టుకెళ్లు.