రౌండ్స్ అయ్యాక మమ్మల్ని అడిగేది

బుజ్జీ,

జనరల్ మెడిసిన్‌లో పీజీగా చేరావని మీ నాన్న చెప్పాడు. వైద్యం గురించి నీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ ముప్పై రెండేళ్లు వార్డులో సిస్టర్‌గా చేశాను. మీరు రౌండ్స్ ముగించి వెళ్లిపోయాక ఏం జరుగుతుందో మీకు తెలీదు, మాకు తెలుసు. మీరు ఇంకా గుమ్మం దాటకముందే పేషెంటు తాలూకు వాళ్లు మా టేబుల్ దగ్గరికొచ్చి, "ఏమన్నారమ్మా డాక్టరు గారు?" అంటారు.

అప్పటిదాకా మాట్లాడింది వాళ్ల ముందే. కానీ ఇంగ్లీషులో, మీలో మీరు. మధ్యలో ఎవరో నవ్వారు. ఎందుకు నవ్వారో మీకు గుర్తుండదు. మంచం మీదున్న మనిషి మాత్రం సాయంత్రం దాకా ఆ నవ్వు గురించే టెన్షన్ పడతాడు.

అందుకని మీ చర్చ వార్డు బయటే తేల్చుకోండి. ఎవరు మాట్లాడాలో కూడా అక్కడే అనుకోండి. సిస్టర్ ఇంజెక్షన్లు వేస్తోంది కదా అని ఆమెను వదిలేసి మొదలుపెట్టకు, రెండు నిమిషాలు ఆగు.

ఇది నేను తిట్లు తిని నేర్చుకున్నాను. న్యుమోనియాతో ఉన్న ఒక పెద్దాయన కొడుక్కి పొద్దున పీజీ "కాస్త నయం" అని చెప్పాడట. ఆక్సిజన్ కొంచెం తగ్గించారు మరి. సాయంత్రం కూతురు అడిగితే "ఇంకా సీరియస్‌గానే ఉంది" అన్నాను నేను. రెండూ నిజమే. కానీ రాత్రికి అన్నాచెల్లెళ్లు వరండాలో కొట్లాట, ఆ తర్వాత ఇద్దరూ కలిసి మా మీదికి. అప్పటినుంచి మా వార్డులో కేస్ షీట్ మీద, ఆ రోజు నోట్స్ చివర ఒక వాక్యం రాయించాను: ఇంట్లోవాళ్లలో ఎవరికి, ఏం చెప్పాం అని. నైట్ డ్యూటీకి వచ్చిన సిస్టర్ అది చూసి అదే మాట చెప్పేది. నువ్వు ఇంకేం చేయకపోయినా ఇదొక్కటి చెయ్యి. ఇంటి తరఫున మాట్లాడే మనిషి ఎవరో మొదటిరోజే అడిగి, ఫోన్ నంబరు కూడా అక్కడే రాసుకో.

ఇక మాటలు. "రిపోర్టు నెగెటివ్" అంటే ఏదో చెడు జరిగిందని ఏడ్చినవాళ్లను చూశాను. "జబ్బు లేదని వచ్చింది" అంటే పోయేదేముంది? ఆపరేషన్ ముందు "ఏమీ తినొద్దు" అంటే టీ తాగేస్తారు, టీ తిండి కాదు కదా! ఏ టైమ్ నుంచి ఏమేం ఆపాలో, టీ పేరు కూడా ఎత్తి చెప్పు. గుండె జబ్బు మనిషికి "రోజుకి లీటరే" అంటే నీళ్లు మాత్రమే లెక్కేసుకుని మజ్జిగ, చారు లెక్కలోకి తీసుకోరు. అలాంటప్పుడు నేను లీటరు సీసా నిండా నీళ్లు పోసి ఇచ్చేదాన్ని. ఏం తాగినా అంత నీళ్లు అందులోంచి పారబోయాలి, సీసా ఖాళీ అయితే ఆ రోజుకి ఆపెయ్యాలి. చదువురాని ముసలమ్మలు కూడా తప్పకుండా పాటించారు.

చివర్లో "అర్థమైందా?" అని మాత్రం అడక్కు. ఎవరైనా తలూపుతారు. "ఇంటికెళ్లి అమ్మకి ఏం చెబుతావు బాబూ?" అని అడుగు. ఎక్కడ తేడా వచ్చిందో అప్పుడు బయటపడుతుంది.

ఆడ పేషెంటును అడిగితే మొగుడు జవాబిస్తాడు, ముసలాయన్ని అడిగితే కొడుకు. వాళ్లు చెప్పింది విను, తర్వాత మళ్లీ పేషెంటు వైపే తిరుగు. ఎంబీబీఎస్‌లో నీది 2019 బ్యాచ్, పేషెంట్లతో మాట్లాడే పద్ధతి సిలబస్‌లోకి వచ్చిందే ఆ ఏడు. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఆడమనిషికి, బయటున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఏమందో కూడా చదివే ఉంటావు. ప్రాణం మీదికి రానప్పుడు, మేజరైన మనిషి తరఫున తల్లి ఒప్పుకుంటే సరిపోదంది. వార్డులో ఆ సంగతి గుర్తుండేవాళ్లు తక్కువ.

"ఇంకెన్నాళ్లుండాలి?" అని పదే పదే అడిగితే విసుక్కోకు. చాలాసార్లు అది కూలి పోతోందన్న బాధ. ఆరోగ్యశ్రీ సంగతైతే నువ్వు ఊహించి చెప్పకు, ఆరోగ్యమిత్ర దగ్గరికి పంపు.

తీరిక దొరికినప్పుడు ఫోన్ చేసి మీ వార్డు సిస్టర్ పేరేంటో చెప్పు. మా బ్యాచ్ మనిషైతే నీ మీద ఓ కన్నేసి ఉంచమంటాను.

మీ అత్త