బండి సందేహాలు: చోక్ తీస్తే ఆగిపోతోందా?

ప్రశ్న: నాది 2012 స్ప్లెండర్. రొయ్యల గుంటల కాడికి తిరిగే బండిని రెండు నెలలు కదపకుండా ఉంచాను. ఇప్పుడు చోక్ వేస్తే స్టార్టవుతుంది, తీస్తే ఆగిపోతుంది. రేజ్ ఇచ్చి పట్టుకుంటే నడుస్తుంది గానీ స్లో నిలబడదు. కార్బొరేటర్ నేనే శుభ్రం చేసుకోవచ్చా?
— పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. కార్బొరేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం. మీరు చెప్పినదాన్నిబట్టి పైలట్ జెట్ పూడిపోయి ఉంటుంది. స్లోలో, అంటే ఎక్స్‌లేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, పెట్రోల్ అందేది దాని సన్నటి రంధ్రం గుండానే. రేజ్ ఇస్తే మెయిన్ జెట్ అందుకుంటుంది కాబట్టి బండి నడుస్తోంది. నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. పైగా అందులో కలిపే ఇథనాల్ తేమను పీలుస్తుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరాయె.

విప్పేముందు ఒక పని చేయండి. పెట్రోల్ కాక్ మూసి, కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె (బౌల్) కింద డ్రైన్ స్క్రూ వదులు చేసి, వచ్చింది గాజు సీసాలో పట్టండి. అడుగున నీళ్లు విడిగా కనబడితే ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. లేకపోతే మీరెంత కడిగినా వారానికి మళ్లీ ఇదే పాట.

పని ఆరుబయట పెట్టుకోండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పై మూత తిప్పి స్లైడ్ (ఎక్స్‌లేటర్‌తో పైకీ కిందికీ కదిలే ముక్క) బయటికి లాగి, మ్యానిఫోల్డ్ దగ్గరి 10 నంబర్ నట్లు రెండూ విప్పితే కార్బొరేటర్ చేతికొస్తుంది. మిక్చర్ స్క్రూ (పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసేది) తీసే ముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ, ఆనేదాకా ఎన్ని చుట్లు వచ్చాయో కాగితం మీద రాసుకోండి. ఆనాక బిగించొద్దు, మొన దెబ్బతింటుంది. జెట్లు ఇత్తడివి, మెత్తన. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే: జెట్ రంధ్రంలో సేఫ్టీ పిన్నో, ఇనప తీగో దూరుస్తారు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోల్ ఎక్కువ పోతుంది, ఆ జెట్ ఇక పనికిరాదు. సన్నటి గాలపు నైలాన్ దారం చాలు. రబ్బరు ఓరింగులు, ఫ్లోట్ (బౌల్‌లో పెట్రోల్ మీద తేలే ముక్క) తీసేశాకే క్లీనర్ కొట్టి, అరగంట నాననిచ్చి, పంక్చర్ షాపు గాలితో ఊదించండి. జెట్‌ని వెలుతురుకి పట్టి చూస్తే గుండ్రటి చుక్క స్పష్టంగా కనబడాలి. కార్బొరేటర్ బాడీలోని దారులు కూడా ఊదాలి. జెట్ ఒక్కటే కడిగి బిగిస్తే సగం పనే అయినట్టు.

బిగించేటప్పుడు స్లైడ్‌కి కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ దిక్కుకి రావాలి, గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. స్టార్ట్ చేయకముందే ఎక్స్‌లేటర్ తిప్పి వదలండి, స్లైడ్ టక్కున కిందికి పడాలి. పడకపోతే ఇంజన్ ఒక్కసారిగా రేజ్ అందుకుంటుంది.

ఇక ట్యూనింగ్. ముందు మిక్చర్ స్క్రూని ఆనేదాకా తిప్పి, రాసుకున్నన్ని చుట్లు వెనక్కి విప్పండి (రాసుకోకపోతే చుట్టున్నర). బండిని పది నిమిషాలు నడిపి, ఇంజన్ వేడెక్కాకే మొదలుపెట్టండి. స్లో స్క్రూతో స్లో కొంచెం పెంచండి. తర్వాత మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినండి. ఇంజన్ అన్నిటికంటే చురుగ్గా, మిస్ లేకుండా తిరిగిన చోట ఆపి, స్లో స్క్రూతో ఇంజన్ వేగాన్ని నిమిషానికి 1,400 చుట్ల దగ్గరికి దించండి. మీ బండికి ఇంజన్ చుట్లు చూపే మీటర్ ఉండదు కాబట్టి చెవే ఆధారం.

ప్రశ్న: రాత్రి నిలిపిన బండి కింద తెల్లారేసరికి పెట్రోల్ తడి ఉంటోంది.
— పాఠకుడు, కావలి

జవాబు: బౌల్‌లోకి పెట్రోల్ వచ్చే దారిని మూసే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవడం లేదు. దాని మొనని గోటితో తడమండి. చుట్టూ గాడి పడి ఉంటే కొత్తది వేయాల్సిందే. గాడి లేకపోతే నీడిల్ కూర్చునే చోట నలుసు ఉంటుంది, కడగండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపినప్పుడు లోపల పెట్రోల్ చప్పుడైతే అది చిల్లు పడినట్టు. బాగుచేసేదాకా రాత్రి కాక్ మూసి పెట్టండి. ఇంజన్ ఆయిల్ పెట్రోల్ వాసన వస్తే మార్చకుండా నడపొద్దు.

ప్రశ్న: మైలేజీ కోసం మిక్చర్ స్క్రూ ఎటు తిప్పాలి?
— పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: దానితో మైలేజీ రాదు. ఆ స్క్రూ ప్రభావం స్లోలోనూ, ఎక్స్‌లేటర్ కొద్దిగా తిప్పినప్పుడూ మాత్రమే. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది, ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్ పెరుగుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, బ్రేకు పట్టేస్తోందా అన్నది చూడండి.