నేల కింద గదికి ముందు నీటి లెక్క

ప్రశ్న: 267 గజాల స్థలంలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నాం. పిల్లల చదువుకీ, సినిమాలు చూసుకోవడానికీ కింద 20 × 15 అడుగుల గది వేయాలని ఆలోచన. నాలుగడుగుల లోతులోనే బండ తగిలింది. బండలో నీళ్ల భయం ఉండదని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తుర్కయాంజాల్

జవాబు: సగమే నిజం. బండలోంచి ఊట తక్కువే రావచ్చు. కానీ బండలో తవ్విన గొయ్యి గిన్నెలాంటిది. గోడ కట్టాక గోడకూ బండకూ మధ్య మిగిలిన సందును మట్టితో పూడుస్తారు. వానలకు ఆ వదులు మట్టిలోకి దిగిన నీటికి బయటికి దారి ఉండదు, అక్కడే నిలుస్తుంది. వేసవిలో పొడిగా కనిపించిన గొయ్యి సెప్టెంబరులో గోడలను నాలుగు వైపుల నుంచీ నొక్కుతుంది. అందుకే ఆ సందును తవ్విన మట్టితో కాకుండా కంకరతో నింపాలి. అడుగున, మట్టిని ఆపి నీటిని మాత్రం వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టిన 100 మి.మీ. చిల్లుల పైపు వేసి, దాన్ని పల్లానికో, పంపు ఉన్న చిన్న సంపులోకో తిప్పాలి. ఏ మూలన గది ఉండాలో వాస్తు వాళ్లు తరవాత చెప్తారు. ముందు మీ వీధి వాననీరు ఏ మూలకు పారుతుందో చూసుకోండి.

ఇంకో మాట. మన మేస్త్రీల భాషలో ‘బేస్‌మెంటు’ అంటే పునాది పైన గచ్చు మట్టం దాకా లేపిన కట్టడం, నేల కింది గది కాదు. ఎస్టిమేట్ కాగితంలో ‘సెల్లారు’ అనే రాయించండి. ఈ ఒక్క పదం దగ్గర లక్షల్లో తేడా వచ్చి గొడవలవుతాయి.

గొయ్యి లెక్క చూడండి. గది లోపలి కొలత 20 × 15. తొమ్మిదంగుళాల కాంక్రీటు గోడలు, బయట వాటర్‌ప్రూఫింగ్ చేసే మనిషి నిలబడటానికి చుట్టూ రెండున్నర అడుగులు కలిపితే 26.5 × 21.5 అడుగులు తవ్వాలి. లోతు ఎనిమిది అడుగులనుకుంటే సుమారు 4,560 ఘనపుటడుగులు. తవ్విన మట్టి పావు వంతు ఉబ్బుతుంది, బండ ముక్కలైతే సగం దాకా. 350 ఘనపుటడుగుల టిప్పరైతే మట్టికి 16–17 ట్రిప్పులు, రాయి ఎక్కువైతే 20. ఇళ్ల మధ్య పేలుళ్ల జోలికి పోవద్దు. బ్రేకర్‌తో గానీ, రంధ్రాల్లో పోస్తే ఉబ్బి బండను చీల్చే పొడితో గానీ పని కానివ్వండి. రెండోది నిదానం, కానీ పక్కింటి గోడలకు అదురు ఉండదు.

ఎనిమిది అడుగులే చాలడానికి కారణం ఉంది. జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం సెల్లారు పైకప్పు చుట్టూ ఉన్న నేలకన్నా కనీసం 0.9 మీటర్లు, గరిష్ఠంగా 1.2 మీటర్లు ఎత్తులో ఉండాలి. అంటే మూడు నుంచి నాలుగు అడుగులు. ఇది నిబంధన కోసమే కాదు. ఆ ఎత్తులో వెంటిలేటర్లు వస్తాయి, తవ్వకం తగ్గుతుంది. ఇంట్లోకి ఆరేడు మెట్లు ఎక్కాల్సి రావడమే దీని ఖర్చు.

కాంక్రీటు ఎం30 కన్నా తగ్గించకండి. నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.45, అంటే 50 కిలోల బస్తాకు ఇసుకలోని తడితో కలిపి 22.5 లీటర్లు మాత్రమే. పోయడానికి వీలుగా లేదని పనివాళ్లు బకెట్లతో నీళ్లు కలుపుతారు. చాలా సెల్లార్లు కారడం అక్కడే మొదలవుతుంది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వాడాలి. మట్టి వైపు కమ్మీ మీద 45 మి.మీ. మందాన కాంక్రీటు కవర్ ఉంచండి. రాఫ్ట్‌తో (గది అడుగున పరిచే కాంక్రీటు పలకతో) పాటే గోడను ఆరంగుళాలు పైకి పోసి, ఆ జాయింటులో నీటిని ఆపే పీవీసీ పట్టీ, అంటే వాటర్ స్టాపర్ పెట్టాలి. అది కమ్మీల మధ్య నిటారుగా నిలబడాలి. కాంక్రీటు పోసేటప్పుడు మడత పడితే అది ఉన్నా లేనట్టే. షట్టరింగ్ బిగించిన రాడ్ల రంధ్రాలను ఒక్కొక్కటిగా కుంచించుకోని గ్రౌట్‌తో (సందులు పూడ్చే మిశ్రమంతో) మూయాలి. వాటర్‌ప్రూఫింగ్‌కు షాబాదు బండలను అడుగునా చుట్టూ పెట్టెలా పరిచే బాక్స్ టైప్ అయినా, 4 మి.మీ. ఏపీపీ మెంబ్రేన్ (తారు షీటు) అయినా ఫరవాలేదు. మెంబ్రేన్ షీట్ల అంచులు నాలుగంగుళాలైనా ఒకదానిమీదొకటి రావాలి, రాఫ్ట్ కింది నుంచి గోడ మీదికి తెగకుండా రావాలి.

చివరిగా అనుమతి సంగతి. మన రెండు రాష్ట్రాల్లో సెల్లారుకు ఒప్పుకునేది ప్రధానంగా పార్కింగ్ కోసమే. మీ స్థలం విస్తీర్ణానికి అసలు ఇస్తారో లేదో, ప్లానులో ఏమని రాస్తారో తవ్వకముందే తేల్చుకోండి. 2024 జులైలో ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్ నగర్‌లో సామాన్లకూ పార్కింగ్‌కూ అనుమతి ఉన్న బేస్‌మెంటును లైబ్రరీగా వాడారు. అందులోకి వరదనీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మూడడుగుల వెడల్పు తలుపు బయట రెండడుగుల నీళ్లు నిలిస్తే దానిమీద పడే ఒత్తిడి దాదాపు 170 కిలోలు. లోపలి నుంచి బయటికి తోసే తలుపైతే పెద్దవాళ్లకే తెరవడం కష్టం, పిల్లల మాట చెప్పక్కర్లేదు. మెట్ల మొదట్లో తొమ్మిదంగుళాల గట్టు, రెండో దారిగా మనిషి పట్టే కిటికీ, నాలుగున్నర అడుగుల ఎత్తులో స్విచ్‌లు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. పంపు కరెంటు లైను పై అంతస్తు నుంచి రావాలి. టాయిలెట్ మాత్రం వద్దు. వీధి మ్యాన్‌హోల్ నిండితే ఆ నీళ్లు ముందు మీ కమోడ్‌లోకే వస్తాయి.

ప్రశ్న: పాత ఇంటి సెల్లారులో ఏటా ఆగస్టు నుంచి గోడ అడుగున నీళ్లు వస్తున్నాయి. రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించినా ఊడిపోయింది. ఎత్తు కూడా తక్కువే. గచ్చు పగలగొట్టి అడుగున్నర దించితే రెండు పనులూ ఒకేసారి అవుతాయా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గచ్చు ముట్టుకోకండి. మీ దగ్గర కాలువలకు నీళ్లు వదిలాక, వానలు పడ్డాక భూగర్భజలం బాగా పైకి వస్తుంది. రాఫ్ట్ అడుగు కన్నా రెండు మీటర్లు ఎత్తున నీళ్లుంటే ప్రతి చదరపు మీటరు మీద రెండు టన్నుల తోపుడు పైకి ఉంటుంది. అడుగు మందం కాంక్రీటు బరువు ముప్పావు టన్నే. మిగతా తోపుడును రాఫ్ట్‌లోని కమ్మీ, గోడల బరువు, పై ఇంటి బరువు కలిసి ఆపుతున్నాయి. రాఫ్ట్ పగలగొడితే ఆ పట్టు పోతుంది, నీళ్లతో పాటు ఇసుక కూడా ఉబికి వస్తుంది. ఇసుక బయటికొచ్చిందంటే పునాది కింద ఖాళీ పడుతున్నట్టే. కొత్తగా కట్టేవాళ్లకూ ఇదే హెచ్చరిక. పై అంతస్తుల బరువు పడకముందే పంపులు ఆపేస్తే ఖాళీ సెల్లారు పడవలా తేలుతుంది.

కారుడు మాన్పడానికి ముందు నీళ్లెక్కడివో తేల్చండి. రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటును గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి చేరితే బయటి నుంచి ఊట, గది వైపు చేరితే గాలిలోని తేమ. తరవాత గోడకు ఆనుకున్న నీళ్ల సంపును పూర్తిగా నింపి, గుర్తు పెట్టి, ఒక రాత్రి వాడకుండా ఉంచండి. మట్టం తగ్గితే దొంగ దొరికినట్టే. చాలా ఇళ్లలో సంపు చీలికే కారణం. దానికి లోపలి గోడ ఎన్నిసార్లు పూసినా ప్రయోజనం ఉండదు.

నిజంగా భూమి ఊటే అయితే లోపలి ప్లాస్టరు నిలవదు. వెనకాల నుంచి నీరు తోస్తుంటే ఏ పూతైనా పొరగా లేస్తుంది. రాఫ్ట్, గోడ కలిసే జాయింటు పొడవునా ఏటవాలుగా రంధ్రాలు వేసి, నాజిళ్లు బిగించి పాలీయురిథేన్ గ్రౌట్ ఎక్కించాలి. అది నీళ్లు తగలగానే నురగలా ఉబ్బి దారి మూస్తుంది. కాంక్రీటులో తేనెపట్టు బొక్కలుంటే సిమెంటు గ్రౌట్ వేయాలి. ఆ పని ఊట కనబడే రోజుల్లోనే చేయించండి. మే నెలలో చేస్తే ఎక్కడ కారుతుందో పనివాడికి తెలియదు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల నాటి జీ ప్లస్ వన్ ఇల్లు. స్తంభాలను అలాగే ఉంచి హాలు కింద తవ్వి గది చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: లండన్‌లో చేస్తారు. అక్కడ స్థలం ధరకు అది గిట్టుబాటు. మరీ ఎక్కువైపోయి కెన్సింగ్టన్–చెల్సీ పాలకమండలి 2015లో నేల కింద ఒక్క అంతస్తుకే పరిమితం చేసింది. కానీ ఆ ఇళ్లు పొడవాటి గోడల మీద నిలబడినవి. గోడ కింద మీటరు చొప్పున, పక్కపక్కవి కాకుండా ఒకటి విడిచి ఒకటి తవ్వి, కాంక్రీటు పోసి, పైన మిగిలిన రెండు మూడంగుళాల సందులో పొడి మోర్టారు కూరి, అది గట్టిపడ్డాకే పక్కది తవ్వుతారు. మీది స్తంభాల ఇల్లు. బరువంతా స్తంభాల కింది కొన్ని పునాది దిమ్మెల (ఫుటింగుల) మీదే ఉంటుంది, ఒక ఫుటింగ్‌ను సగం సగం తవ్వలేం. కిందది నల్లరేగడి అయితే ఎండకు చీలి, వానకు ఉబ్బి ఫుటింగులను ఇంకా కదిలిస్తుంది. అదే డబ్బుతో పైన గది వస్తుందేమో, ఉన్న స్తంభాలు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క కట్టించండి.

ప్రశ్న: ఇంటితో పాటు ఖాళీ బేస్‌మెంటు వచ్చింది. ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నలకు అక్కడ పడకగది చేయాలనుంది. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: పర్మిట్ తీసుకోకుండా మొదలుపెట్టకండి. పడకగది అంటే తప్పించుకునే కిటికీ తప్పనిసరి. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 5.7 చదరపు అడుగులు, ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలు ఉండాలి, కింది అంచు గచ్చు నుంచి 44 అంగుళాలు మించకూడదు. ఈ కనీస ఎత్తు వెడల్పులను గుణిస్తే 5.7 రావు, 3.3 చదరపు అడుగులే వస్తాయి. కొట్టులో ఏ కిటికీ బాగుందో చూసి కొనేవాళ్లు ఇక్కడే తప్పుతారు. కిటికీ బయటి గుంత 44 అంగుళాల కన్నా లోతైతే నిచ్చెన ఉండాలి.

గోడలు మూసేముందే రేడాన్ పరీక్ష చేయించండి. నేలలోంచి వచ్చే హానికరమైన ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే గచ్చు కింద నుంచి పైకప్పు దాకా పైపు, ఫ్యాను పెట్టించాలి. గోడలు కట్టాక పెట్టించాలంటే వాటినే పగలగొట్టాలి. కాంక్రీటు గోడకు నేరుగా దూదిలాంటి ఇన్సులేషన్, దానిమీద ప్లాస్టిక్ షీటు వేస్తే లోపల తడి చిక్కుకుని బూజు పడుతుంది. గోడకు గట్టి ఫోమ్ బోర్డు అంటించి, టేపు వేసి, దాని ముందు చెక్క ఫ్రేము కట్టండి. గచ్చును తాకే చెక్క రసాయనం పట్టించినదై ఉండాలి. సంపు పంపుకు బ్యాటరీ బ్యాకప్ ఉండాలి, పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పై అంతస్తుల్లోనూ మోగేలా కలపాలి. పెద్దవాళ్ల కోసం మెట్లకు రెండు వైపులా పట్టుకునే రెయిలింగులు వేయించండి, రాత్రి దీపం స్విచ్ మంచం పక్కన ఒకటి, మెట్ల పైన ఒకటి ఉండాలి.