ఓట్లు చీలాయా, చీల్చారా?

సందేహం: అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు ఇలా రాశారు. “2020 సెప్టెంబరులో మా నాలుగో కాంగ్రెస్ నియోజకవర్గంలో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నిక, జరిగింది. బ్యాలెట్ మీద తొమ్మిది పేర్లు. ఇద్దరు ముందే తప్పుకున్నా ఇంకా ఏడుగురు మిగిలారు. జేక్ ఆకిన్‌క్లాస్ 22 శాతం ఓట్లతోనే గెలిచారు. జెస్ మెర్మెల్ రెండు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. పోటీలో ఉన్న మరో ఇద్దరి పేర్లు చెప్పి ‘లినోస్, లెకీ కలిసి మెర్మెల్ ఓట్లు చీల్చారు’ అని మావారు ఇప్పటికీ అంటారు. ‘ఎవరూ చీల్చలేదు, ఓట్లు చీలాయి’ అంటాను నేను. ఏది సరైన ప్రయోగం? 22 శాతంతో గెలిస్తే దాన్ని మెజారిటీ అనవచ్చా? ‘ప్రాధాన్యత ఓటు’ అన్న మాట సరైనదేనా?”

సమాధానం: అమ్మా, వ్యాకరణం వరకైతే మీ మాటా మీవారి మాటా రెండూ సాధువులే. కాలు, కాల్చు, రాలు, రాల్చు, కూలు, కూల్చు, అలాగే చీలు, చీల్చు. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. తెలంగాణలో చీలినయి, చీల్చిండు అన్నా ఇదే తేడా. అయితే ఈ జంటల్లో ఏ క్రియ వాడామన్నదాన్ని బట్టి తప్పు ఎవరిదో తేలిపోతుంది. ‘ప్రభుత్వం కూలింది’ అంటే ఒక సంగతి చెప్పినట్టు. ‘ప్రభుత్వాన్ని కూల్చారు’ అంటే ఒకరి మీద నేరం మోపినట్టు. టీవీలో స్క్రోలింగ్ రాసేవాళ్లు ఈ రెంటినీ ఒకటిగా వాడేస్తున్నారు, అందుకే నాకు కోపం. లెక్కింపు ఇంకా పూర్తి కాకముందే ‘ఓట్లు చీల్చిన ఫలానా’ అని వేసేస్తారు. ఆ ఫలానా మనిషి తన ఓట్లు తాను అడుక్కుని తెచ్చుకున్నాడేమో ఎవరు చూశారు?

మీ ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గాలో చెప్పే ముందు ఆ చీలు అన్న క్రియను కాస్త దగ్గరగా చూడాలి. దీన్ని అడిగేవాళ్ల కోసం నేను చాలాకాలంగా ఎదురు చూస్తున్నాను.

తెలుగులో ఏ వస్తువు పాడయ్యే తీరుకు ఆ క్రియ ఉంది. కుండ పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, గుడ్డ చిరుగుతుంది, గోడ బీటలు వారుతుంది, నేల నెర్రెలిస్తుంది, పాలు విరుగుతాయి. కుండ తెగిందని, తాడు పగిలిందని పసిపిల్లవాడు కూడా అనడు. ఈ వరుసలో చీలడం దేనిది? నిలువునా పోయేదానిది. పోగు ఉన్నదానిది, నారా నరమూ ఉన్నదానిది.

మేదరి వీధిలో వెదురు చీల్చేటప్పుడు నిలబడి చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. బొంగు ఒక కొసన కత్తి ఆనించి మీద ఒక్క దెబ్బ వేస్తారు. ఆ తర్వాత కత్తికి పెద్దగా పని ఉండదు. కత్తిని కాస్త వాల్చి ముందుకు నెట్టుతూ ఉంటే వెదురు దానంతట అదే నోరు తెరుచుకుంటూ పోతుంది. కణుపు దగ్గర మాత్రం మొరాయిస్తుంది. అక్కడ మళ్లీ ఒక దెబ్బ పడాలి. అలా వచ్చిన ముక్కను బద్ద అంటారు, దాన్ని ఇంకా పలచగా చేస్తే పేళ్లు, వాటితో బుట్టలూ తట్టలూ చేటలూ. వెదురును అడ్డంగా కోస్తే అది కోయడమే అవుతుంది, చీల్చడం ఎంత మాత్రం కాదు. అంటే చీలేదానిలో చీలడానికి దారి ముందే ఉంది. కత్తి ఆ దారిని వెతికి పట్టుకుంటుంది, అంతే.

ఈ మాట మన ఒక్కరిదే కాదు. కన్నడిగులు సీళు అంటారు. మన చేరు వాళ్లకు సేరు, మన చావు వాళ్లకు సావు, మన చీర వాళ్లకు సీరె. అదే బాటలో మన చీలు వాళ్ల సీళు. వాళ్లు చీలడానికీ చీల్చడానికీ ఆ ఒక్క సీళునే వాడగలరు. మనం మాత్రం చు చేర్చి రెండు మాటలుగా విడదీసుకున్నాం. ఇంత చక్కని సదుపాయం చేతిలో ఉండగా దాన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. (మేకును చీల అంటారు, అది సంస్కృతంలోని కీల నుంచి వచ్చింది, మన చీలుకు చుట్టం కాదు. గాజుపెంకు గీసుకుని చెయ్యి చీరుకుపోవడం వేరే సంగతి. బౌలర్లను ‘చీల్చి చెండాడటం’ క్రీడాపేజీవాళ్ల సొత్తు, దాని జోలికి నేను పోను.)

చీలడానికి ఇంకో షరతు ఉంది, అసలు విషయం అదే. చీలేది ముందు ఒకటిగా ఉండాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది. చీలకముందు అక్కడి నదిని ఏమంటారు? అఖండ గోదావరి అంటారు. ఖండం కానిది అని పేరులోనే చెప్పుకున్నారు మనవాళ్లు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది, 1969లో కాంగ్రెస్ చీలింది అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అంతకు ముందు రోజు దాకా అవి ఒకే పేరుతో, ఒకే జెండాతో ఉన్నాయి కాబట్టి. కాబట్టి ఓట్లు చీలాయని ఎవరన్నా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: ఆ ఓట్ల అఖండ గోదావరి ఎక్కడ?

కాలిఫోర్నియాలో అది కనబడుతుంది. అక్కడ 2012 నుంచి పార్టీలతో సంబంధం లేకుండా అందరూ ఒకే ప్రైమరీలో నిలబడతారు. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లు ఏ పార్టీవాళ్లయినా నవంబరు ఎన్నికకు వెళతారు. శాన్ బెర్నార్డినో వైపు ఉన్న 31వ నియోజకవర్గంలో ఆ ఏడాది డెమోక్రాట్లు నలుగురు, రిపబ్లికన్లు ఇద్దరు నిలబడ్డారు. డెమోక్రాట్లందరికీ కలిపి సగానికి కాస్త తక్కువగా ఓట్లు పడ్డాయి. కానీ అవి నాలుగు వైపులకూ పోవడంతో పీట్ అగిలార్ మూడో స్థానంలో మిగిలిపోయారు. గ్యారీ మిల్లర్, బాబ్ డటన్ అనే ఇద్దరు రిపబ్లికన్లే నవంబరుకు వెళ్లారు. డెమోక్రాట్ల వైపు మొగ్గు ఉన్న చోట నవంబరు బ్యాలెట్ మీద డెమోక్రాట్ ఒక్కరూ లేరు! ఇక్కడ ‘డెమోక్రాట్ల ఓట్లు చీలాయి’ అన్న వాక్యాన్ని మార్చడానికి ఒక్క అక్షరం లేదు. పార్టీ ఒకటి, దాని ఓటు ఒకటి, అది నాలుగు బద్దలయింది. రెండేళ్ల తర్వాత అగిలార్ గెలిచారు.

ఒకే పార్టీ లోపల జరిగే ప్రైమరీ దగ్గరికి వస్తే చిక్కు మొదలవుతుంది. 2016 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా రిపబ్లికన్ ప్రైమరీ చూడండి. ట్రంప్‌కు 32.5 శాతం, రూబియోకు 22.5, క్రూజ్‌కు 22.3. బుష్, కేసిక్, కార్సన్ మిగతాది పంచుకున్నారు. అక్కడి నిబంధనల ప్రకారం అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ఆ రాష్ట్రంలోని 50 మంది ప్రతినిధులూ ట్రంప్‌కే దక్కారు. ‘ట్రంప్ వ్యతిరేక ఓటు చీలింది’ అని అప్పుడు అందరూ రాశారు. నేను ఒప్పుకోను. ట్రంప్ వ్యతిరేక ఓటు అనే బొంగు ఒకటి ముందుగా ఉన్నదెక్కడ? క్రూజ్ లేకపోతే ఆయనకు వేసినవాళ్లంతా రూబియోకే వేసేవారని ఎవరు చెప్పగలరు? అందులో కొంతమంది నేరుగా ట్రంప్ దగ్గరికే పోయి ఉండేవారు. ఎన్నడూ ఒకటిగా లేనివాటికి చీలడం అన్న క్రియ అతకదు. వాటికి తెలుగులో చెదరడం అన్న మాట ఉంది. ‘ఓట్లు చెదిరాయి’ అనండి. ‘ఓట్లు పంచుకుపోయాయి’ అన్నా బాగానే ఉంటుంది. ‘చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం’ అన్న వాక్యంలో తప్ప ఈ చెదరడాన్ని మన విలేకరులు మరిచేపోయారు.

ఇక చీల్చడం. దానికి కత్తి పట్టినవాడు కావాలి, తెలిసి పట్టాలి. మన దగ్గర అటువంటివి లేకపోలేదు. ప్రత్యర్థి పేరే ఉన్న ఇంకొకరిని వెతికి తెచ్చి నామినేషన్ వేయించడం మనకు కొత్త కాదు. రోడ్డు రోలర్ గుర్తు తమ కారు గుర్తును పోలి ఉందని, తమ ఓట్లు అటు పోతున్నాయని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి ఎన్నోసార్లు మొరపెట్టుకుంది. టికెట్ రాక రెబెల్‌గా దిగి ‘నేను గెలవకపోయినా వాణ్ణి గెలవనివ్వను’ అన్నవాడి సంగతీ అంతే. అక్కడ చీల్చాడు అనడంలో తప్పు లేదు, అనకపోతేనే తప్పు. మన తెలుగువాళ్లు ఈ అలవాటుతోనే అమెరికా వెళ్లి, అక్కడి ప్రైమరీలో నిలబడ్డ ప్రతి మనిషినీ ‘ఓట్లు చీల్చేవాడు’ అనేస్తున్నారు. ఇక్కడ టికెట్ పార్టీ ఇస్తుంది, కాబట్టి రెబెల్ అంటే పార్టీ మాట కాదన్నవాడు. అక్కడ టికెట్ ఎవరికన్నది తేల్చడానికే ప్రైమరీ. అందులో నిలబడటమే నేరమైతే ఇక ఆ ఎన్నిక దేనికి?

మీ నియోజకవర్గం కాలిఫోర్నియా చీలడానికీ సౌత్ కరోలినా చెదరడానికీ మధ్యలో ఉంది. మెర్మెల్, లినోస్, లెకీ ముగ్గురూ అభ్యుదయవాదులుగా పేరుబడ్డవాళ్లే, ఆ మేరకు వాళ్ల వెనక ఒకే రకం ఓటర్లు ఉన్నారనుకోవచ్చు. లినోస్, లెకీలకు చెరొక 11 శాతం దాకా వచ్చాయి, మెర్మెల్ ఓడిన తేడా అందులో చిన్న ముక్క. కాబట్టి మీరన్న ‘చీలాయి’ని నేను కొట్టివేయను. మీవారి ‘చీల్చారు’ మాత్రం నాకు బరువుగా తోస్తోంది. లినోస్ అంటువ్యాధుల శాస్త్రవేత్త, కరోనా ఏడాదిలో నిలబడ్డారు. ఆమె తన మాట చెప్పుకోవడానికి వచ్చారే కానీ మెర్మెల్ మీద కత్తి పట్టుకుని రాలేదు. అయినా మాట్లాడుకునేటప్పుడు కోపంలో చీల్చారు అంటే అది అపశబ్దమని చెప్పను. రాసేటప్పుడు వద్దంటాను. ‘ఓటు చీలింది’ అని ఏకవచనంలో రాసేవాళ్లు కూడా ఉన్నారు. పార్టీ ఓటు, యువత ఓటు అన్నప్పుడు సరే. ఒక మనిషి వేసిన ఒక ఓటు మాత్రం ఎక్కడా చీలదు. అసెంబ్లీకి ఒకరికీ పార్లమెంటుకు ఇంకొకరికీ వేయడం క్రాస్ ఓటింగ్, అది దీనికి సంబంధించినది కాదు.

మెజారిటీ గురించి అడిగారు. ఇక్కడ మీకు రెండు అర్థాలు తగులుకున్నాయి. మన వార్తల్లో ‘రెండు వేల మెజారిటీతో గెలుపు’ అంటే గెలిచినవాడికీ తర్వాతవాడికీ మధ్య తేడా. అమెరికాలో మెజారిటీ అంటే సగం దాటడం. మన వాడుక ప్రకారం ఆకిన్‌క్లాస్‌కు రెండు వేల పైచిలుకు మెజారిటీ వచ్చింది. వాళ్ల లెక్కలో అసలు మెజారిటీయే రాలేదు. మన అర్థం వంద కోట్ల నోళ్లలో పాతుకుపోయింది, దాన్ని పీకలేం. కానీ అమెరికా వార్త తెలుగులో రాసేవాడు ఈ జాగ్రత్త తీసుకోవాలి: తేడాకు ఆధిక్యం, సగం దాటితే సగానికి మించిన ఓట్లు అని విడమరచి రాయాలి. ‘ఆధిక్యత’ వద్దు. అధికం నుంచి ఆధిక్యం వచ్చింది, దానికి మళ్లీ త ఎందుకు తగిలించాలి? ఒక చొక్కా మీద ఇంకో చొక్కా తొడగడం అది.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ప్రధానం నుంచి ప్రాధాన్యం. ‘ప్రాధాన్యత’ అనవసరం. ఆ ఓటు పద్ధతి మాత్రం మంచిదే, మనకు కొత్తదీ కాదు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో అభ్యర్థుల పక్కన 1, 2, 3 అని వేసుకుంటూ పోతాం. 2021లో నల్గొండ, ఖమ్మం, వరంగల్ స్థానంలో 71 మంది నిలబడితే మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం రాలేదు. కింది నుంచి ఒక్కొక్కరినీ తొలగిస్తూ, వాళ్ల ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పైవాళ్లకు కలుపుతూ రోజుల తరబడి లెక్కపెట్టాక పల్లా రాజేశ్వర్ రెడ్డి గెలిచారు. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్ మేయర్ పదవికి డెమోక్రటిక్ ప్రైమరీ ఈ పద్ధతిలోనే జరిగింది. 13 మంది అభ్యర్థులు, ఓటరు అయిదుగురి దాకా వరుస ఇవ్వవచ్చు. ఎరిక్ ఆడమ్స్‌కు మొదట 31 శాతం దాకా ఉన్నా చివరి లెక్కలో క్యాథరిన్ గార్సియా మీద 7,197 ఓట్ల ఆధిక్యంతో బయటపడ్డారు. ఈ పద్ధతిలో ఓట్లు చీలినా చెదిరినా మళ్లీ చేరుకునే దారి ఉంటుంది. మీ రాష్ట్రంవాళ్లు మాత్రం మీ ప్రైమరీ జరిగిన రెండు నెలలకే, 2020 నవంబరులో ఇదే పద్ధతి పెడదామా అని అడిగితే వద్దన్నారు. అది వాళ్ల ఇష్టం.

ఐక్యత అన్నది కూడా ప్రాధాన్యత లాంటి తప్పేనని కొందరు పండితులు పట్టుబడతారు. ఐక్యమే చాలని నేనూ అనుకుంటాను, కానీ ఊరేగింపుల్లో, గోడల మీద, పాటల్లో స్థిరపడ్డ ఐక్యతను ఇప్పుడు తీసెయ్యమని నేను అడగను. ప్రాధాన్యత అంతగా పాతుకుపోలేదు. ఈసారి మీ ఊరి తెలుగు సంఘంవాళ్లు ఎన్నికల కరపత్రం వేస్తుంటే ‘మొదటి ప్రాధాన్య ఓటు’ అని వేయించండి. ముద్రణకు ఇచ్చే ముందు ఒకసారి మీరే చూడండి, ఎందుకంటే కంప్యూటర్‌లో టైపు కొట్టేవాళ్లు అలవాటు కొద్దీ ఆ త చేర్చేస్తారు.