పాత స్విఫ్ట్‌కి లోయర్ ఆర్మ్‌లు: కంపెనీవా, బయటివా, బుష్‌లతో సరిపెట్టుకోవాలా?

మీది 2010 స్విఫ్ట్ డీజిల్. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమవైపు ముందు టక్ టక్‌మంటోంది, మెకానిక్ రెండు లోయర్ ఆర్మ్‌లూ (ముందు చక్రాన్ని కింది వైపు బండి ఫ్రేమ్‌కి కలిపే ఇనుప చేతులు) మార్చేద్దాం అన్నాడు, కంపెనీవి వెయ్యాలా, బయటివా, లేక బుష్‌లు (ఆర్మ్ ఫ్రేమ్‌కి బిగిసే చోట ఉండే రబ్బరు ముక్కలు) మాత్రం కొట్టిస్తే చాలా అన్నది కదా మీ ప్రశ్న. మా ఇంట్లోనూ ఆ తరం డీజిల్ స్విఫ్టే, విజయవాడ ఆటోనగర్‌లోనే పనులన్నీ చేయిస్తుంటాను. నా సలహా ముందే చెప్పేస్తున్నాను: బాల్ జాయింట్‌తో (ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) వచ్చే పూర్తి ఆర్మ్ వెయ్యండి, కుదిరితే కంపెనీదే. అయితే ఏది కొన్నారన్నదాని కన్నా ఎలా బిగించారన్నదే దాని ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుంది. ఆ సంగతి కింద చెప్తాను.

డబ్బు తీసేముందు ఒకటి చూడండి. ముందు చక్రాల దగ్గర శబ్దం అనగానే ఆర్మ్ అనేస్తారు గానీ, చిన్న చిన్న గతుకుల మీద గలగలలాడితే చాలాసార్లు అది స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపుకి కలిపే చిన్న రాడ్). ఆర్మ్‌తో పోలిస్తే చాలా చవక, అరగంట పని. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. తొక్కగానే కదలిక పోతే వీల్ బేరింగ్, అప్పటికీ ఉంటే బాల్ జాయింట్‌ని అనుమానించాలి. చక్రాన్ని పక్కలకు పట్టుకుని ఊపితే కదిలేది స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీళ్లు, అంటే టై రాడ్ ఎండ్ గానీ ర్యాక్ ఎండ్ గానీ అయి ఉంటుంది. బుష్‌ల కోసం కింద టైర్ లివర్ పెట్టి ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ తోయించండి. ముఖ్యంగా వెనక వైపు పెద్ద బుష్. అది చిరిగిందంటే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది, స్టీరింగ్ ఎంత పట్టుకున్నా నిలకడగా అనిపించదు.

ఇక అసలు విషయం. ఈ బండిలో బాల్ జాయింట్ ఆర్మ్‌లో భాగంగానే వస్తుంది, కంపెనీ లెక్కలో అరిగితే ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. బయట మాత్రం పాత జాయింట్‌ని ప్రెస్‌లో ఊడగొట్టి కొత్తది ఎక్కించేవాళ్లున్నారు, లోపల నైలాన్ పోసి బిగువు చేసేవాళ్లూ ఉన్నారు. నేనైతే ఆ రెంటి జోలికీ పోను. బుష్ పాడైతే శబ్దం వస్తుంది, టైరు అరుగుతుంది, బండి పక్కకి లాగుతుంది, అంతే. బాల్ జాయింట్ ఊడితే చక్రం మడ్‌గార్డ్ కిందికి మడతపడి బండి రోడ్డు మీద కూలబడుతుంది. హైవే మీద అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. స్క్రాప్‌లో దొరికే వాడిన ఆర్మ్‌లూ వద్దు. అది ఏ యాక్సిడెంట్ బండిదో తెలియదు, మిల్లీమీటర్ల వంపు కంటికి కనపడదు.

బుష్‌లు మాత్రమే కొట్టించడం తప్పని అనను. బాల్ జాయింట్ బిగువుగా ఉండి, దాని రబ్బరు బూటు చిరగకుండా, ఆర్మ్ రేకు తుప్పు పట్టకుండా ఉంటే అది లాభమైన బేరమే. కానీ మీ బండి పదిహేనేళ్లు దాటింది. అన్నీ ఒకే వయసువి. ఇప్పుడు బుష్‌లు వేయించి, ఆర్నెల్లకి జాయింట్ పోతే మళ్లీ అదే విప్పుడు, అదే లేబరు, మళ్లీ అలైన్‌మెంట్. ఎలాగూ ఆర్సీ రెన్యూవల్ చేయిస్తే ఐదేళ్లకిస్తారు కదా, ఆ ఐదేళ్లూ బండి ఉంచుకునే ఆలోచనైతే పూర్తి ఆర్మ్‌లే నయం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండైతే ఇక ఆలోచించక్కర్లేదు, బుష్ కూర్చునే చోట వెల్డింగ్ పక్కన తుప్పు తినేసి ఉంటుంది. గట్టిగా ఉంటుందని పాలియురేథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు అంటగట్టబోతారు. మన రోడ్ల మీద ఇంటి బండికి అవి అనవసరం, గతుకులన్నీ చేతిలోకి కొడతాయి, కొన్నాళ్లకి కిర్రుమంటాయి కూడా.

కంపెనీదా బయటిదా అంటే, మారుతీ జెన్యూన్ పార్ట్స్ కౌంటర్లో బండి వాళ్ల దగ్గర బాగుచేయించకపోయినా సామాను అమ్ముతారు. ఆర్సీ తీసుకెళ్లి ఛాసిస్ నంబర్ కొట్టించి పార్ట్ నంబర్ రాయించుకోండి. "స్విఫ్ట్‌కి అన్నిటికీ ఒకటేనండీ" అనే మాట నమ్మొద్దు. 2011 ఆగస్టులో కొత్త స్విఫ్ట్ వచ్చింది, కాబట్టి ఆ సంవత్సరం బండ్లు రెండు రకాలూ ఉన్నాయి. మీది 2010 కాబట్టి మీకా గొడవ లేదు. కంపెనీది దొరక్కపోతే రానే లాంటి పేరున్న తయారీదారు సరుకు వెయ్యొచ్చు. పేరు లేని డబ్బాలోది, ధర సగమైనా సరే, వద్దు.

పేరున్న వాటికే నకిలీలు వస్తాయి కాబట్టి కౌంటర్ దగ్గరే డబ్బా విప్పించండి. బాల్ జాయింట్ పిన్నుని వేళ్లతో తిప్పండి. కొత్తది మొరాయిస్తుంది, బలం పెడితే అన్ని దిక్కులా ఒకే బిగువుతో కదులుతుంది. పాతదైతే పిన్ను తన బరువుకే వాలిపోతుంది. కొత్త ఆర్మ్‌లో అలా వాలితే అక్కడే వదిలేసి రండి. పిన్నుకున్న గాడి, బోల్టు బొక్కలు, వెల్డింగ్ పాత ఆర్మ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. కుడి ఎడమలు వేరువేరు, అదీ చూసుకోండి. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్ట్స్ మీద జీఎస్టీ 18 శాతం, ఆ కాస్త మిగుల్చుకోవడానికి వారంటీ వదులుకోవడం దండగ.

ఇప్పుడు బిగింపు. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. మెకానిక్ అక్కడే బుష్ బోల్టులు ఫుల్‌గా బిగించేస్తాడు. బండి దింపగానే ఆర్మ్ పైకి లేస్తుంది, కానీ బుష్ లోపలి ఇనుప గొట్టం బోల్టుతో బిగుసుకుపోయి కదలదు. మధ్యలో రబ్బరు మెలితిరిగి, బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ మెలికలోనే ఉంటుంది. ప్రతి గుంతకీ ఇంకాస్త తిరిగి, ఏడాది తిరక్కుండానే ఊడుతుంది. అప్పుడు "డూప్లికేట్ మాల్ సార్" అంటారు, సరుకు మంచిదే అయినా. అందుకని లిఫ్ట్ మీద బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, బరువు చక్రాల మీదకి వచ్చాక పిట్ (బండి కిందికి దిగి పని చేసే గొయ్యి) మీద ఆఖరి బిగింపు వేయించండి. పిట్ లేకపోతే ఆర్మ్ కొస కింద జాకీ పెట్టి, బండి నిలబడే ఎత్తుకి లేపి బిగించమనండి. ముందే చెప్పండి, పని మొదలుపెట్టాక చెప్తే విసుక్కుంటారు. బాల్ జాయింట్ నెత్తిన సుత్తి పడకుండా కూడా పక్కనే ఉండి చూసుకోండి. బూటు చిరిగితే దుమ్మూ నీళ్లూ దూరి కొత్త జాయింట్ కూడా త్వరగా పోతుంది.

రెండూ ఒకేసారి మార్చాలా అంటే, ఒక పక్కది గుంతలో పడి వంగి ఉంటే ఆ ఒక్కటే చాలు. వయసు వల్ల అరిగితే రెండూ మార్చండి, అలైన్‌మెంట్ ఖర్చు ఒకసారితో పోతుంది. అలైన్‌మెంట్ మాత్రం తప్పనిసరి, అదే రోజు. ఈ బండికి ముందు చక్రాల్లో సరిచేయగలిగేది టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే. రిపోర్టులో క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండే కోణం) ఎర్రగా చూపిస్తే ప్రింటు తీసుకుని మెకానిక్‌కి చూపించండి. అప్పుడు వెతకాల్సింది వంగిన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన భాగం) కోసమో నకిల్ (చక్రం హబ్ బిగిసే ఇనుప భాగం) కోసమో, ఆర్మ్‌ని మళ్లీ విప్పితే ప్రయోజనం లేదు.